కరవదిలో గిత్త, టెక్సాస్‌లో దాని చుట్టం

అందరికీ నమస్కారం. సెలవులకు ఒంగోలు వచ్చాం. ఇప్పుడు నేనున్నది పక్కనే ఉన్న కరవదిలో. నా వెనకాల ఈ గిత్తను చూడండి. తెల్లటి ఒళ్లు, ఎత్తయిన మూపురం, మడతలు మడతలుగా గంగడోలు, పొట్టి కొమ్ములు, కాటుక పెట్టినట్టున్న కళ్లు.

హ్యూస్టన్ దాటి పల్లెల వైపు వెళ్తే కంచెల వెనక ఇలాంటివే కనిపిస్తాయి. అక్కడ వాటిని బ్రాహ్మన్ అంటారు. మా వీధిలో ఉండే ఒక అమెరికన్ పెద్దాయన ఒంగోలు గిత్త ఫోటో చూసి, ఇది మా బ్రాహ్మన్‌ను రిజెంబుల్ చేస్తోంది అన్నారు. మంచి మాటే, కానీ నాకు మనసొప్పలేదు. పోలిక చెప్పడానికి ఇంగ్లిష్‌లో ఉన్న మాటల్లో ఏది సరిపోతుందా అని ఆలోచించాను.

రిజెంబుల్ అంటే పైకి కనిపించే పోలిక. ఆకాశంలో మబ్బు కూడా ఏనుగును రిజెంబుల్ చేస్తుంది, రెండింటికీ ఏ సంబంధమూ లేకపోయినా. సిమిలర్ అన్నా కొన్ని లక్షణాలు కలిశాయనే అర్థం. పోనీ ఐడెంటికల్ అందామా అంటే, దానికి ఇసుమంత తేడా కూడా ఉండకూడదు. బ్రాహ్మన్ చెవులేమో పొడుగ్గా వేలాడతాయి, మన గిత్తవి చిన్నవి. ఇక మిగిలింది అకిన్. ఆ మాటలోనే కిన్ ఉంది, అంటే బంధువులు, ఒక రక్తం వాళ్లు. నా దృష్టిలో ఇక్కడ సరిపోయేది అదొక్కటే.

ఎందుకంటే ఇది నిజంగానే రక్తసంబంధం. 19వ శతాబ్దం మధ్య నుంచి 1920ల దాకా అమెరికా చేరిన మన దేశపు పశువుల నుంచే బ్రాహ్మన్ జాతి తయారైంది. గిర్, కాంక్రేజ్, కృష్ణా లోయ జాతులతో పాటు అందులో మన ఒంగోలు కూడా ఉంది. ఆ వేలాడే చెవులు గుజరాత్ వైపు నుంచి వచ్చినవి.

బ్రెజిల్‌లో బంధుత్వం ఇంకా దగ్గరిది. అక్కడ మాంసం కోసం పెంచే పశువుల్లో ఎక్కువ భాగం నెలోరే జాతివే. నెలోరే అంటే మన నెల్లూరే! 1904లో గుంటూరు జిల్లా ఏర్పడేదాకా ఒంగోలు నెల్లూరు జిల్లాలోది కాబట్టి ఆ పేరు పడింది. 1960ల్లో ఇక్కణ్ణుంచి వెళ్లిన ఒక గిత్త అక్కడ కర్వాది అనే పేరుతోనే ప్రసిద్ధికెక్కింది. ఈ ఊరి పేరే! ఇక్కడ దుక్కికీ బండికీ మెరికల్లాంటి ఎడ్లను ఎంచుకున్నారు, అక్కడ కండ కోసం ఎంచుకున్నారు. అందుకే ఇప్పుడు రూపం కాస్త వేరు.

ఇదంతా ఈ గిత్త యజమానికి చెప్పాను. ఆయన మెడ నిమురుతూ, "పోలికలేందమ్మా, నెత్తురే మనదైతే! అక్కడోళ్లు బాగా సాకతుండారా?" అని అడిగారు. బాగానే చూస్తున్నారు పెద్దాయనా అన్నాను.

ఈ వీడియో ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్‌లో అకిన్ అనే వేశాను. మా వీధి పెద్దాయనకూ లింక్ పంపిస్తాను.