మా అమ్మాయి నోటితో మాట్లాడిన తొమ్మిది రోజులు

(చెన్నైలోని ఒక తెలుగు సంఘంలో, ఆదివారం ఆరాధన తర్వాత తల్లిదండ్రుల కూటంలో చేసిన ప్రసంగం)

అందరికీ ప్రభువు నామంలో వందనాలు.

వచ్చే మే నెలలో శ్రీలంక వెళ్ళే టీమ్‌కి పిల్లల పేర్లు ఇవ్వడానికి చాలామంది వెనకాడుతున్నారని పాస్టరు గారు చెప్పారు. మీరూ మీ అమ్మాయీ కలిసి వెళ్ళొచ్చారు కదా, ఓ పావుగంట మాట్లాడండి సిస్టర్ అన్నారు. జరిగింది జరిగినట్టు చెప్తాను.

మీ మొదటి ప్రశ్న నాకు తెలుసు, మా అత్తగారూ అదే అడిగారు. "టెన్త్ అయిపోయిన పిల్ల. ప్లస్ వన్ కోచింగ్ మొదలవుతుంది. దాన్ని దేశం కాని దేశం ఎందుకు తీసుకెళ్తావే? అక్కడ దానికేం పని?" నేను సమాధానం సిద్ధంగా పెట్టుకున్నాను. స్కూలూ ఫోనూ తప్ప వేరే లోకం చూడని పిల్ల, కష్టం అంటే ఏంటో కళ్ళారా చూస్తుంది, దేవుడు మనకిచ్చినదాని విలువ తెలుస్తుంది అన్నాను. అంటే పని నాది, పాఠం తనది అనుకున్నాను. నా లెక్క తప్పు. ఎక్కడ తప్పిందో చెప్పాలనే ఇక్కడ నిలబడ్డాను.

అసలు శ్రీలంకకీ మనకీ ఏం సంబంధం అని కూడా కొందరు అడిగారు. తెలుగు క్రైస్తవులకి ఆ ద్వీపంతో పాత రుణం ఒకటుంది. దోర్నకల్ అజరయ్య గారి పేరు మీరంతా విన్నదే. ఆయన తమిళుడు, 1874లో తిరునెల్వేలి ప్రాంతంలో పుట్టారు. 1902లో ఆయన శ్రీలంక ఉత్తరాన ఉన్న జాఫ్నా వెళ్ళారు. అక్కడి తమిళ క్రైస్తవులు విదేశీ డబ్బు కోసం ఎదురు చూడకుండా, తమ వాళ్ళనే తామే పంపి పరిచర్య చేయించడం చూశారు. ఇది మన దగ్గర ఎందుకు లేదు అన్న బాధతో తిరిగొచ్చారు. మరుసటి ఏడు, 1903లో, తిరునెల్వేలిలో ఇండియన్ మిషనరీ సొసైటీ పుట్టింది. ఆ సొసైటీ ఎంచుకున్నది మన తెలుగు నేలే. 1909లో ఆయనే దోర్నకల్ వచ్చి, పెద్దయ్యాక తెలుగు నేర్చుకుని, మన పల్లెల్లో తిరిగారు. 1912లో ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ అయ్యారు. జాఫ్నాలో ఒకరు వెలిగించిన దీపం తమిళుల చేతుల మీదుగా తెలుగు ఇంటికి వచ్చిందన్నమాట. చెన్నైలో ఉంటున్న తెలుగువాళ్ళం, ఆ రుణం మనం కాకపోతే ఎవరు తలుచుకుంటారు?

ఇక మా సంగతి. నేను ల్యాబ్ టెక్నీషియన్‌ని. మాది ఒంగోలు వైపు. మా వారికి రైల్వేలో ట్రాన్స్‌ఫర్ వచ్చి ఎనిమిదేళ్ళ కిందట పెరంబూరు వచ్చాం. నా తమిళం "కై నీట్టుంగ, కొంచం వలిక్కుం" దాకానే. చెయ్యి చాపండి, కాస్త నొప్పి పుడుతుంది, అంతే. మా అమ్మాయి మూడో తరగతిలో ఇక్కడ చేరింది. దాని తమిళం వింటే తమిళ పిల్ల కాదని ఎవరూ అనరు. ఇంట్లో నేను తెలుగులో అడిగితే అది తమిళంలోనో ఇంగ్లీషులోనో జవాబిస్తుంది. ఇక్కడ మన పిల్లలు తెలుగు కీర్తనని తమిళ అక్షరాల్లో రాసుకుని పాడతారే, ఆ పిల్లల్లో ఇదీ ఒకతి. ఆ విషయంలో నాకెప్పుడూ మనసులో ఒక ముల్లు ఉండేది.

చెన్నై నుంచి కొలంబోకి విమానంలో గంటన్నర కూడా పట్టదు. అక్కణ్ణుంచి కొండ రైలెక్కి హట్టన్ చేరాం. చుట్టూ టీ తోటలు. ఫొటోల్లో చూస్తే పచ్చటి తివాచీలా ఉంటుంది. దిగి నడిస్తే జలగలు, బురద, పాదం నిలవని వాలు. తోటల్లో పనిచేసేవాళ్ళు తమిళులు. 1820ల నుంచి బ్రిటిషువాళ్ళు మొదట కాఫీ తోటల కోసం, తర్వాత టీ తోటల కోసం తమిళనాడు పల్లెల నుంచి తీసుకెళ్ళిన కూలీల మునిమనవలు. మన్నారు తీరంలో దిగి అడవుల్లో నడిచి కొండెక్కేవారు. దారిలోనే పోయినవాళ్ళకి లెక్కలేదు. 1948లో, శ్రీలంకకి స్వతంత్రం వచ్చిన ఏడే, కొత్త పౌరసత్వ చట్టంతో వాళ్ళలో అత్యధికులు ఏ దేశానికీ చెందనివాళ్ళయిపోయారు. ఇప్పటికీ ఎంతోమంది ఆనాటి లైన్ ఇళ్ళలోనే ఉంటున్నారు. పొడుగ్గా ఒకే కప్పు, దాని కింద వరసగా గదులు, ఒక్కో గదిలో ఒక్కో కుటుంబం. రోజు కూలీ వెయ్యి రూపాయలు కావడానికి 2021 దాకా పోరాడారు. అవీ శ్రీలంక రూపాయలు. మరుసటి ఏడాది సంక్షోభంలో ఆ రూపాయి విలువ కూడా పడిపోయింది.

అక్కడి సంఘం వాళ్ళు వాళ్ళ డాక్టరు గారితో క్యాంపు పెట్టారు. నా పని రక్త పరీక్ష. మా అమ్మాయి పని నా పక్కన కూర్చుని నా మాట తమిళంలో చెప్పడం, వాళ్ళ మాట నాకు చెప్పడం.

మొదటి రోజు మొదటి చెయ్యి నాకింకా గుర్తే. ఒకావిడ చూపుడు వేలు చాపింది. టీ ఆకు పసరుకి వేలి కొస నల్లగా మారి, గీతల్లోకి ఇంకిపోయింది. ఎంత కడిగినా పోదట. నేను సూది గుచ్చాను. రక్తం రాలేదు. చర్మం అంత గట్టిపడిపోయింది. ఇరవై ఏళ్ళలో వేల చేతులు పట్టుకున్నాను, వేలి చివర సూది దిగకపోవడం అదే మొదటిసారి. ఉంగరం వేలు తీసుకుని, కాస్త పక్కగా మళ్ళీ గుచ్చితే ఒక బొట్టు వచ్చింది. ఆవిడ ఏమీ అనలేదు. మా అమ్మాయి మాత్రం ఆ వేలినే చూస్తూ ఉండిపోయింది.

దాదాపు అందరికీ రక్తం తక్కువే. అన్నంతోపాటు టీ తాగితే ఆ తిండిలోని ఐరన్ ఒంటికి సరిగ్గా పట్టదు, గంటైనా ఆగి తాగాలి. అది చెప్తే క్యూలో ఉన్నవాళ్ళంతా నవ్వారు. టీ తోటలో కూర్చుని టీ తాగొద్దంటావేంటి పాపా అని. వాళ్ళు తాగేది పాలు లేని ప్లేన్ టీ. ఉదయం అదే, ఆకలేస్తే అదే.

రెండో రోజు మధ్యాహ్నం నలభై ఏళ్ళావిడ వచ్చింది. హిమోగ్లోబిన్ ఏడు. డాక్టరు గారి చీటీ చూసి నేను గబగబా చెప్పేశాను. "రెస్ట్ తీసుకోమను, బరువులు మోయొద్దను, మాత్రలు రోజూ వేసుకోమను." మా అమ్మాయి నోరు తెరవలేదు.

"చెప్పవేం?"

"అలా చెప్పలేనమ్మా."

వెనకాల ఇంకా అరవై మంది ఉన్నారు. నాకు చిరాకొచ్చింది. అందరి ముందూ అనేశాను. "నేను చెప్పింది చెప్పడానికే నువ్వొచ్చావు. సొంత తెలివి వద్దు." భాష రాకపోయినా గొంతు అందరికీ అర్థమైంది. పిల్ల ముఖం ఎర్రబడింది. కానీ లేచి వెళ్ళిపోలేదు. ఆవిడ వైపు తిరిగి ఐదు నిమిషాలు మాట్లాడింది. తర్వాత నాతో తెలుగులో, తడుముకుంటూ, ఇలా అంది:

"అమ్మా, ఈ ఆంటీ రోజూ ఇన్ని కిలోల ఆకు కొయ్యకపోతే జీతం తగ్గించేస్తారట. రాకపోతే అదీ లేదు. రెస్ట్ అంటే తలూపి వెళ్ళిపోతుంది, తీసుకోదు. అందుకని తూకం దగ్గరికి బస్తా ఇంకెవరైనా మోస్తారా అని అడిగాను. సాయంత్రం కొడుకు వస్తాడట, వాడితో మోయిస్తానంది. మాత్ర టీతో వేసుకోకుండా రాత్రి నీళ్ళతో వేసుకుంటానంది. ఇది చాలా, ఇంకేమైనా చెప్పాలా?"

ఇంకేం చెప్పను? నేను చీటీ చదివాను, తను మనిషిని చదివింది. ముందు రోజు రాత్రి మేమంతా అలిసిపోయి పడుకుంటే, తను లైన్ ఇళ్ళ అరుగు మీద ఆడవాళ్ళతో కూర్చుని కబుర్లు చెప్పింది. టైంపాస్ చేస్తోందని గొణుక్కున్నాను కూడా. ఆ కబుర్లలోనే కిలోల లెక్కా జీతం లెక్కా తెలుసుకుంది.

బైబిల్లో, కుష్ఠు పట్టిన సేనాధిపతి నయమాను ఇంట్లో పనిచేసిన చిన్నదాని సంగతి మనకి సండేస్కూలు నుంచీ తెలుసు. ఆయన బాగయ్యే దారి, ఎవరూ చెప్పలేనిది, ఆ చిన్నది చెప్పింది. ఎన్నోసార్లు పిల్లలకి ఆ కథ చెప్పాను. ఆ కథలో పెద్దవాళ్ళు చేసిన మంచి పని ఒక్కటే, చిన్నదాని మాట విన్నారు. అది ఆ రోజు దాకా నాకు కనబడలేదు.

ఆ రాత్రి ప్రార్థనలో టీమ్ అందరి ముందూ తనని క్షమించమని అడిగాను. అందరి ముందూ తిట్టాను కాబట్టి, పక్కకి పిలిచి చెప్తే సరిపోదనిపించింది. మన ఇళ్ళలో పిల్లల్ని క్షమాపణ అడగడం అలవాటు లేదు. గొంతు రాలేదు నాకు. తను లేచొచ్చి "పర్లేదమ్మా" అని నా పక్కన కూర్చుంది. మర్నాటి నుంచి టేబుల్ దగ్గర కుర్చీలు మార్చాం. ముందు కుర్చీ తనది, వెనక కుర్చీ నాది. వచ్చినవాళ్ళు మొదట తనతో మాట్లాడేవారు, తర్వాత నాకు చెయ్యి ఇచ్చేవారు.

ఇంకో చోటు గురించి చెప్పకుండా ఉండలేను. క్యాంపు అయ్యాక వ్యానులో తూర్పు తీరానికి వెళ్ళాం. అక్కరైపట్టు దగ్గర అళిక్కంబై అనే ఊరుంది. అక్కడున్నవాళ్ళు తెలుగు మాట్లాడతారు! ఒకప్పుడు ఊరూరా తిరుగుతూ పాములాడించి, చెయ్యి చూసి జోస్యం చెప్పుకుని బతికిన జాతి. సింహళంలో అహికుంటక అంటారు, తమిళంలో కురవర్ అంటారు. ఎన్ని తరాల కిందట మన నేల వదిలారో గానీ, ఇంట్లో భాష ఇంకా తెలుగే. అళిక్కంబైలో వాళ్ళది క్యాథలిక్ విశ్వాసం, వాళ్ళ గుడి వాళ్ళకుంది. మేం ప్రసంగాలు చెయ్యడానికి వెళ్ళలేదు, చూసి, కూర్చుని, కలిసి భోంచేసి రావడానికి వెళ్ళాం.

వాళ్ళ తెలుగు మనకి సగం అర్థమవుతుంది, సగం జారిపోతుంది. నాకు ఒళ్ళు పులకరించింది. తొమ్మిది రోజుల్లో మొదటిసారి నేను ముందు, మా అమ్మాయి వెనకాల. అక్కడ తన ఈడు పిల్ల ఒకతి ఉంది. బడిలో చదువు తమిళంలోనే. కానీ వాళ్ళ అవ్వతో టకటకా తెలుగు మాట్లాడుతోంది. మా అమ్మాయి నాతో తమిళంలో ఏదో అంటే ఆ పిల్ల విని, తమిళంలోనే అడిగింది: "మీ అమ్మతో నువ్వు తెలుగు మాట్లాడవా?" మా అమ్మాయి నా వైపు చూసింది, జవాబు చెప్పలేదు. నేనూ కల్పించుకోలేదు. ఎనిమిదేళ్ళుగా నేను వంద రకాలుగా అడిగిన ప్రశ్నే అది. ఆ రోజు అడగాల్సినవాళ్ళు అడిగారు.

ఇక పేర్లు ఇచ్చేవాళ్ళకి నాలుగు మాటలు, త్వరగా. మైనరు పాస్‌పోర్టుకి మామూలుగా తల్లిదండ్రులిద్దరి సంతకాలూ కావాలి, పరీక్షలయ్యేదాకా ఆగకండి, ఇప్పుడే మొదలుపెట్టండి. ఏ పనికి వెళ్తున్నామో ఆ పనికి సరిపోయే వీసా ఉండాలి. ఆ దేశ చట్టాన్ని తప్పించుకుని చేసే సేవ పిల్లలకి చూపించొద్దు. మీ పిల్ల టీమ్ లీడరు మాట వినాలి, మధ్యలో మీరు దూరొద్దు. మన పిల్లల చేత చాక్లెట్లు పంచించి స్టేటస్‌లో పెట్టుకోవడం మాత్రం దయచేసి వద్దు. ఆ లైన్ ఇళ్ళ పిల్లలకీ తల్లులున్నారు. మన పిల్లని ఎవరైనా అలా ఫొటో తీస్తే ఊరుకుంటామా? పిల్లలకి నిజమైన పని ఒకటి అప్పగించండి, తను లేకపోతే ఆగిపోయేంత పని. అప్పగించాక ఆ పని గురించి తను చెప్పేది వినండి. నాకది ఎంత కష్టమైందో మీరు విన్నారు, మీకూ కష్టంగానే ఉంటుంది.

మేం తోటల నుంచి బయల్దేరే రోజు లైన్ ఇంట్లో ఒక పెద్దావిడ మా అమ్మాయి చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. వాళ్ళన్నయ్య శాస్త్రి గారి ఒప్పందంలో ఇండియాకి వచ్చేశాడట. మన ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి గారు శ్రీలంకతో చేసుకున్న 1964 ఒప్పందం. ఐదు లక్షల పైచిలుకు మందిని మన దేశం తీసుకోవాలని రాసుకున్నారు, ఇంట్లో సగం మంది అటు, సగం మంది ఇటు అయ్యారు. తలైమన్నారులో ఓడెక్కించి పంపారట, రామేశ్వరంలో దిగి నీలగిరి తోటలకి వెళ్ళాడట. కొన్నాళ్ళు ఉత్తరాలొచ్చాయి, తర్వాత ఆగిపోయాయి. "నీలగిరి మీ ఊరికి దగ్గరా పాపా?" అని అడిగింది. మా అమ్మాయి దగ్గర కాదు పాట్టీ అనలేక, నోట్‌బుక్ తీసి వాళ్ళన్నయ్య పేరూ, పాత తోట పేరూ రాసుకుంది. నీలగిరిలోని కోటగిరిలో మన పాస్టరు గారికి తెలిసిన సంఘం ఉంది. వాళ్ళతో తనే ఫోన్లో మాట్లాడుతోంది. ఇంకా ఏమీ తెలియలేదు, వెతుకుతున్నారు. మీరంతా ప్రార్థనలో పెట్టుకోండి.

ఆవిడే పాత న్యూస్‌పేపర్లో చుట్టి కాస్త డస్ట్ టీ ఇచ్చింది. కింద హాల్లో అదే కాచి పెట్టారు, పాలు లేకుండా, బెల్లం ముక్కతో. మా అమ్మాయి అక్కడే పోస్తోంది. ప్రశ్నలుంటే ముందు తననే అడగండి. తెలుగులో అడగండి, తెలుగులోనే చెప్తుంది. మాట కోసం తడుముకుంటే కాస్త ఆగండి.