అచ్చులో పోసిన తెరచాప పడవలు

శ్రోతలకు నమస్కారం.

మన కోస్తా ఊళ్ళలో ఫైబర్ బోటు అంటే తెలియనివారు లేరు. చెక్క తెప్పల పక్కన అవి వచ్చి చాలా కాలమే అయింది. అదే ఫైబర్‌గ్లాస్‌తో తెరచాప పడవలు చేసి, అమెరికాలో మామూలు ఉద్యోగస్తుల చేతికి అందించిన పియర్సన్ యాట్స్ అనే కంపెనీ గురించి ఈ రోజు చెబుతాను.

క్లింటన్ పియర్సన్, ఎవరెట్ పియర్సన్ వరసకు అన్నదమ్ములు. 1950ల మధ్యలో మసాచుసెట్స్ రాష్ట్రంలోని సీకాంక్ ఊళ్ళో, ఒక గ్యారేజీలో చిన్న పడవలు చేయడం మొదలుపెట్టారు. పెద్ద పడవ చేయమని వాళ్ళను ఎగదోసినవాడు పడవల రంగంలోనే ఉన్న టామ్ పాటర్. కార్ల్ ఆల్బర్గ్ గీసిచ్చిన నమూనాతో 28 అడుగుల 'ట్రైటన్' తయారైంది. లోపల నలుగురు పడుకోవచ్చు, ధర పదివేల డాలర్ల లోపే. 1959 జనవరిలో న్యూయార్క్ బోట్ షోకు దాన్ని చేర్చడానికి అప్పు చేయక తప్పలేదు. తీరా షో ముగిసేసరికి 17 ఆర్డర్లు చేతిలో ఉన్నాయి!

అంత చవగ్గా ఎలా ఇచ్చారంటే, కిటుకంతా అచ్చులో ఉంది. పడవ ఆకారంలో ఉన్న అచ్చు లోపలి గోడకు ముందు మైనం పట్టిస్తారు. దాని మీద రంగు పూత. ఆపైన గాజునార గుడ్డ పరిచి, ముక్కుపుటాలదిరే వాసనేసే రెసిన్‌తో, అంటే ఆరితే గట్టిపడే జిగురు ద్రవంతో తడిపి, గాలిబుడగ మిగలకుండా రోలరుతో నొక్కుతారు. ఇలా పొర మీద పొర. గట్టిపడ్డాక పైకి లాగితే నున్నగా మెరుస్తూ పడవ డొప్ప బయటికొస్తుంది. చెక్కపడవలా పలకలు అతికించే పనిలేదు, సందుల్లో నార కూరే పనిలేదు. అదే అచ్చులో మరో పడవ, ఇంకో పడవ.

1959లోనే రోడ్ ఐలండ్‌ రాష్ట్రంలోని బ్రిస్టల్‌లో హెరెషాఫ్ వాళ్ళ పాత పడవల కార్ఖానాను కొన్నారు. ఒకప్పుడు అమెరికాస్ కప్పు అనే పేరుమోసిన తెరచాప పడవల పందెం గెలిచిన పడవలు పుట్టిన చోటది. కొమ్ములు తిరిగిన వడ్రంగులు పనిచేసిన షెడ్లలో ఇప్పుడు రెసిన్ డ్రమ్ములు దిగాయి. పాతకాపులకు అది మింగుడుపడి ఉండదు.

1961లో గ్రుమన్ అనే విమానాల కంపెనీ పియర్సన్ యాట్స్‌ను చేతిలోకి తీసుకుంది. కొన్నేళ్ళకే అన్నదమ్ములిద్దరూ బయటికొచ్చేశారు. క్లింటన్ అదే ఊళ్ళో బ్రిస్టల్ యాట్స్ పెట్టాడు. పియర్సన్ కంపెనీ మాత్రం 1991లో దివాలా తీసింది. ఆ ఏడాదే లక్ష డాలర్లు దాటిన పడవల మీద అమెరికా ప్రభుత్వం పదిశాతం విలాస పన్ను వేసింది, చాలామంది దాన్నే తిడతారు. నాకైతే తప్పు ఫైబర్‌దే అనిపిస్తుంది. గాజునార ఎంత మందం సరిపోతుందో తొలినాళ్ళలో ఎవరికీ అంతు తెలియక, ఎందుకైనా మంచిదని దిట్టంగా వేశారు. అది కుళ్ళదు, చెదపట్టదు. ముప్పై ఏళ్ళనాటి ట్రైటన్ తక్కువ ధరకే దొరుకుతుంటే కొత్తది కొనేదెవరు? కంపెనీకి పోటీ వచ్చింది తన పాత పడవలే!

ఎవరెట్ పడవలతో ఆగలేదు. 1968 ప్రాంతంలో నీల్ టిలట్‌సన్ అనే పారిశ్రామికవేత్తతో కలిసి మరో కంపెనీ పెట్టాడు. 'జె-24' అనే పందెపు పడవలు వేలకొద్దీ అక్కడ తయారయ్యాయి. తర్వాత అది టీపీఐ కాంపోజిట్స్‌గా మారి, గాలిమరల రెక్కల తయారీలోకి దిగింది. చెన్నై దగ్గర కూడా ఫ్యాక్టరీ పెట్టింది. ఆ రెక్కలకూ వాడేది గాజునార, రెసిన్, అచ్చే.

సెలవు.