పేరు కదిలితే ట్యాగ్ పాడైనట్టే, మెరుపు మాత్రమే కదలాలి!

హాయ్ అందరికీ, టైటిల్ చూసే వచ్చారు కదా, ఇంకోసారి గట్టిగా చెప్తున్నా వినండి: యానిమేటెడ్ నేమ్ ట్యాగ్‌లో, అంటే పేరు రాసిన పలకని కదిలే బొమ్మగా చేసినదాంట్లో, పేరు కదలకూడదు. కదలకూడదు అంతే. పోయిన వీడియోలో ఈ ఒక్క మాట అన్నందుకు, మరి యానిమేషన్ ఎందుకు, స్టిక్కర్ వేసుకోవచ్చుగా అని మీలో కొందరు అన్నారు, సరే, ఈరోజు ఆ మాట మీదే కూర్చుందాం.

ముందు ఆ టైప్‌రైటర్ ఎఫెక్ట్ సంగతి, అదే, ఒక్కో అక్షరం టకటకా వచ్చి పడేది. ఇంగ్లీష్ పేరుకి చూడ్డానికి బానే ఉంటుంది. ఇప్పుడు లక్ష్మి అని తెలుగులో రాసి అదే ఎఫెక్ట్ వెయ్యండి, ఏం వస్తుందో నేను ఫ్రేమ్ ఫ్రేమ్ ఆపి చూశాను. ల. తర్వాత లక. తర్వాత లక్. లక్ష. లక్ష్. లక్ష్మ. అప్పుడు లక్ష్మి! మనకి అది రెండే అక్షరాలండీ, ల, క్ష్మి. కంప్యూటర్ లోపల మాత్రం 7 ముక్కలు, హల్లు వేరు, పొల్లు వేరు, గుడి వేరు. ఆ ముక్కల్ని ఒక్కొక్కటే చూపిస్తే మధ్యలో పేరు కాని పేర్లు 6 వచ్చి పోతాయి, ఒక మనిషి పేరుని అలా విరగ్గొట్టి చూపిస్తే నాకు నిజంగా మనసు చివుక్కుమంటుంది.

పైగా ఆ ఎఫెక్ట్‌లో మొదటి ఫ్రేమ్ ఖాళీ పలక. మన ట్యాగ్ సేవ్ అయ్యేది జిఫ్‌గా, అంటే కదిలే బొమ్మల ఫైల్‌గా. కొన్ని ప్రోగ్రాములు జిఫ్‌లో మొదటి ఫ్రేమ్ ఒక్కటే చూపించి ఊరుకుంటాయి, మెయిల్ చూసుకునే అవుట్‌లుక్ 2007 అలాంటిదే. అంటే అవతలి వాళ్ళకి కనిపించేది పేరు లేని నేమ్ ట్యాగ్!

గంతులేసే అక్షరాలు, గిరగిరా తిరిగే అక్షరాలు కూడా ఇదే లెక్క. చిన్న సైజులో రవికి, రవీకి తేడా ఎంత, గుడి చివర చిన్న మెలిక, అంతే కదా, అది ఊగుతుంటే ఎవరు పట్టుకుంటారు? దానికి తోడు లావుపాటి అవుట్‌లైన్ వేస్తే ఆ మెలిక లోపలి సందు కూడా పూడిపోతుంది.

ఇంకో దెబ్బ సైజు. జిఫ్ 1987 నాటి ఫార్మాట్, కంప్యూసర్వ్ అనే అమెరికా ఆన్‌లైన్ సర్వీస్ వాళ్ళది, ఒక్కో ఫ్రేమ్‌కి ఎంత ఆగాలో చెప్పే ఏర్పాటు 1989లో చేర్చారు. దాని కంప్రెషన్‌కి రిపీట్ అయ్యేవంటే ఇష్టం, మారని చోటుని మళ్ళీ దాచుకోవక్కర్లేదు. మీరు పేరు మొత్తం ఊపి పైన గ్లిట్టర్ కూడా చల్లితే ప్రతి ఫ్రేమ్‌లో దాదాపు ప్రతి చుక్కా, అంటే పిక్సెల్, మారుతుంది, ఫైల్ ఉబ్బిపోతుంది. పేరు నిలబడి ఉంటే ఫైల్ కూడా చిన్నగా ఉంటుంది. యాదృచ్ఛికం కాదిది, కంటికి ఏది హాయో ఈ ఫార్మాట్‌కి కూడా అదే హాయి అని నా థియరీ, ఎవరేమన్నా నేను మార్చుకోను.

మధ్యలో ఒక మాట, ఇది నాకు భలే ఇష్టం. లూప్ అయ్యే ఏదైనా జిఫ్‌ని నోట్‌ప్యాడ్‌లో తెరవండి, చెత్త చెత్త గుర్తుల మధ్య నెట్‌స్కేప్ 2.0 అని ఇంగ్లీష్‌లో కనబడుతుంది. ఆగకుండా తిరిగే పద్ధతి నెట్‌స్కేప్ అనే పాత బ్రౌజర్‌తో 1995లో వచ్చింది, బ్రౌజర్ పోయింది, పేరు మాత్రం మనం ఇవాళ చేసే ట్యాగ్ లోపల కూడా ఉంది!

సరే, పనిలోకి. నేను జింప్‌లో చేస్తున్నా, బొమ్మలు ఎడిట్ చేసే ప్రోగ్రామ్, ఫ్రీ, తెలుగు వత్తులు చక్కగా కూర్చుంటాయి. ఫోటోషాప్ వాళ్ళకి వత్తులు విడిపోయి పక్కన పడుతుంటే ఫాంట్‌ని తిట్టకండి, టైప్ సెట్టింగ్స్‌లో వరల్డ్ రెడీ లేఅవుట్ పెట్టండి, పాత వెర్షన్లలో అయితే ప్రిఫరెన్సెస్‌లో టైప్‌లోకి వెళ్ళి సౌత్ ఏషియన్ అన్న మాట ఉన్న ఆప్షన్.

పలక ఒక లేయర్, అంటే ఒక పొర, దాని మీద పేరు ఇంకో లేయర్. కింద కాస్త ఎక్కువ జాగా వదలండి, వత్తులు దిగుతాయి, చాలా రెడీమేడ్ ట్యాగ్‌లలో క్ష్మి కింద భాగం తెగిపోయేది ఇక్కడే. ఇప్పుడు కొత్త లేయర్‌లో తెల్లటి ఏటవాలు పట్టీ గీసి కొంచెం బ్లర్ చెయ్యండి. పేరు లేయర్ మీద ఆల్ఫా టు సెలెక్షన్ కొట్టి, అంటే అక్షరాల ఆకారాన్నే సెలెక్ట్ చేసి, సెలెక్షన్‌ని ఇన్వర్ట్ చేసి, పట్టీ లేయర్ మీదకొచ్చి డిలీట్. అంతే, పట్టీ అక్షరాల లోపల మాత్రమే మిగులుతుంది, పేరు మీద వెలుగు జారినట్టు. పట్టీని ఎడమ నుంచి కుడికి జరుపుతూ ఇలాంటివి 8 చేసి, ఒక్కోదాన్ని పలకా పేరూ కాపీలతో కలిపి మెర్జ్ చెయ్యండి, మెరుపు లేని మామూలు ఫ్రేమ్ ఒకటి అట్టడుగున పెట్టండి, జింప్‌లో కింద ఉన్న లేయరే మొదటి ఫ్రేమ్.

ఇప్పుడు అసలు కిటుకు, టైమింగ్. లేయర్ పేరు చివర బ్రాకెట్లో టైమ్ రాస్తే జింప్ అదే తీసుకుంటుంది. మెరుపు ఫ్రేములకి 60 మిల్లీసెకన్లు, అంటే (60ms) అని, మొదటి ఫ్రేమ్‌కి 2000, అంటే (2000ms) అని. అంటే పేరు 2 సెకన్లు కదలకుండా ఉంటుంది, తర్వాత అర సెకను లోపే మెరుపు జారిపోతుంది, మళ్ళీ నిలకడ. ఆ 2 సెకన్ల కోసం ఒక్క ఫ్రేమ్ కూడా ఎక్కువ పెట్టక్కర్లేదు! ఇంకా స్పీడ్ కావాలని 10 పెడతారు కొందరు, పెట్టొద్దు, 20 కంటే తక్కువ చూస్తే బ్రౌజర్లు దాన్ని 100 చేసేస్తాయి, స్పీడ్ కోసం పెట్టింది కాస్తా నత్తనడక అవుతుంది.

ఎక్స్‌పోర్ట్‌లో యాజ్ యానిమేషన్, లూప్ ఫరెవర్ టిక్ చెయ్యండి, రీప్లేస్ పెట్టండి, అప్పుడు పాత ఫ్రేమ్ పోయి దాని చోట కొత్త ఫ్రేమ్ వస్తుంది, కంబైన్ పెడితే ఒకదాని మీద ఒకటి పేరుస్తుంది. చుట్టూ తెల్ల అంచు వస్తోందంటే, జిఫ్‌లో చుక్క ఉంటే ఉంటుంది లేకపోతే లేదు, సగం పారదర్శకం అనేది ఉండదు, అందుకని ట్యాగ్ ఏ రంగు మీద పెడతారో ఆ రంగుని బ్యాక్‌గ్రౌండ్ కలర్‌గా పెట్టుకుని సెమీ ఫ్లాటెన్ కొట్టండి, ఫోటోషాప్‌లో అయితే మ్యాట్ కలర్.

అయిపోయాక ప్లేబ్యాక్ తెరిచి ఒక్కో ఫ్రేమ్ దగ్గర ఆపండి, జూమ్ చెయ్యకుండా, అసలు సైజులోనే. ఆపిన ప్రతిచోటా పేరు పూర్తిగా చదవగలగాలి, ఎక్కడైనా మెరుపు గుడిని మింగేస్తోందంటే మెర్జ్‌కి ముందుకెళ్ళి ఆ పట్టీ ఒపాసిటీ తగ్గించి, మళ్ళీ మెర్జ్ చేసి ఎక్స్‌పోర్ట్ కొట్టండి.