ఓడిన రోజుల నుంచి డగౌట్ దాకా

వ్యాయామ విద్య విద్యార్థులకు, తోటి ఉపాధ్యాయులకు నమస్కారం.

సాఫ్ట్‌బాల్ అంటే నాకు మొదట గుర్తొచ్చే పేరు లీసా ఫెర్నాండెజ్. అట్లాంటా, సిడ్నీ, ఏథెన్స్... మూడు ఒలింపిక్స్‌లో మూడు స్వర్ణాలు గెలిచిన అమెరికా జట్టు పిచర్, అంటే బంతి వేసే క్రీడాకారిణి, ఆమె. కానీ ఆమె ఎంతటి క్రీడాకారిణో నాకు అర్థమైంది ఓడిన మ్యాచుల్లోనే.

1996, అట్లాంటా. ప్రత్యర్థి ఆస్ట్రేలియా. ఏడు ఇన్నింగ్స్ ఉండే ఈ ఆటలో, ఐదో ఇన్నింగ్స్‌లో అమెరికా బ్యాటర్ డానియెల్ టైలర్ హోమ్ రన్ (బంతిని కంచె దాటించే దెబ్బ) కొట్టి, సంబరంలో పరుగు పూర్తికావడానికి తాకాల్సిన హోమ్ ప్లేటు తొక్కడం మరిచిపోయింది. ఆ పరుగు లెక్కలోకి రాలేదు. ఫెర్నాండెజ్ చలించలేదు. వరసగా 29 మందిని అవుట్ చేసింది. పదో ఇన్నింగ్స్‌లో అమెరికాకు ఎట్టకేలకు ఒక పరుగు దక్కింది. ఇక ఒక్క అవుట్ చాలు. సమంగా సాగే ఆటను తేల్చడానికి ముందుగానే రన్నర్‌ను బేస్ మీద ఉంచే టైబ్రేకర్ నిబంధన వల్ల ఆస్ట్రేలియాకు రెండో బేస్ మీద ఒక రన్నర్ ఉంది. వాళ్ల బ్యాటర్ జోవాన్ బ్రౌన్ బంతిని కంచె దాటించింది. ఇద్దరూ పరుగు పూర్తి చేయడంతో అమెరికాకు 2-1తో ఓటమి.

నాలుగేళ్ల తర్వాత సిడ్నీలో మళ్లీ ఆస్ట్రేలియాయే. ఆ రోజు ఆమె 25 మందిని స్ట్రైకౌట్ చేసింది, అంటే బంతిని సరిగా కొట్టనివ్వకుండానే అవుట్ చేసింది. పదమూడో ఇన్నింగ్స్‌లో ఆస్ట్రేలియా బ్యాటర్ పీటా ఎడబోన్ హోమ్ రన్‌తో మళ్లీ అదే 2-1. జట్టుకు అది వరసగా మూడో ఓటమి. అలాంటి స్థితి నుంచి కోలుకుని అమెరికా ఫైనల్ చేరింది. జపాన్‌పై ఎనిమిది ఇన్నింగ్స్ బంతి వేసి, స్వర్ణం అందించింది ఆమే.

కాలేజీ రోజుల్లో యూసీఎల్‌ఏ (లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం) తరఫున ఆమె 93 మ్యాచులు గెలిచి ఏడింట్లోనే ఓడింది. 1993లో బ్యాటింగ్ సగటులో కూడా దేశంలో ఆమెదే మొదటి స్థానం, .510, అంటే బ్యాటింగ్ అవకాశాల్లో సగానికి పైగా హిట్‌లు. ఆట విరమించాక వేరే దారి వెతుక్కోలేదు. అదే విశ్వవిద్యాలయం డగౌట్‌లో, అంటే జట్టు కూర్చునే చోట, కోచ్‌గా స్థిరపడింది. అక్కడి ప్రధాన కోచ్ కెల్లీ ఇనోయె పెరెజ్ విద్యార్థి దశలో ఆమె బంతులు అందుకున్న క్యాచరే! ఈ మాట చెప్పినప్పుడల్లా నాకు ఆనందంగా ఉంటుంది. మన దగ్గర బాగా ఆడిన అమ్మాయిలు ఎందరో చదువు ముగియగానే మైదానానికి దూరమవుతున్నారు. వాళ్లు నేర్చుకున్నది వాళ్లతోనే ఆగిపోతోంది.

పట్టు, మణికట్టు తిప్పడం, అడుగు వేయడం ఎవరైనా నేర్పగలరు. చివరి అవుట్ ముందు చేజారిన మ్యాచ్ గురించి పిచర్‌తో మాట్లాడాలంటే మాత్రం పిచర్ బంతి వేసే ఆ వృత్తంలో స్వయంగా నిలబడి ఉండాలి.

2019 జూన్‌లో ఒక్లహామా సిటీలో, అమెరికా కాలేజీ జాతీయ ఛాంపియన్‌షిప్‌లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయంతో జరిగిన సెమీఫైనల్లో ఫెర్నాండెజ్ శిష్యురాలు, యూసీఎల్‌ఏ పిచర్ రేచల్ గార్సియా పది ఇన్నింగ్స్‌లో 179 బంతులు వేసింది. ఒక్క పరుగూ ఇవ్వలేదు. పదో ఇన్నింగ్స్‌లో తానే బ్యాట్ పట్టి మూడు పరుగుల హోమ్ రన్ కొట్టి ఆట ముగించింది. ఆ ఏడాది ఛాంపియన్‌షిప్ యూసీఎల్‌ఏదే.