32 ఎక్కడ, 300 ఎక్కడ?

(హైదరాబాద్ స్టూడియోలో పక్షవాతం, వీఆర్ చికిత్సపై జరిగిన చర్చలో కొంత భాగం. వీఆర్ అంటే వర్చువల్ రియాలిటీ: కళ్లకు హెడ్‌సెట్ పెట్టుకుంటే కనిపించే కంప్యూటర్ బొమ్మల లోకంలో చేతులు కదిలిస్తూ ఆడటం)

యాంకర్: అమ్మా, నాన్నగారికి స్ట్రోక్ వచ్చి ఎన్నాళ్లయింది?

కూతురు: ఎనిమిది నెలలండి. కుడి చెయ్యి పడిపోయింది. వారానికి రెండుసార్లు ఉప్పల్ నుంచి అమీర్‌పేట దాకా ఫిజియోకి తీసుకెళ్లేవాళ్లం. ఆటో ఎక్కించి దించేసరికే ఒక పూట అయిపోయేది. తీరా వెళ్తే, చేతికి దక్కేది పది నిమిషాలు.

ఫిజియోథెరపిస్ట్: అసలు సమస్య అదే. 2009లో వచ్చిన ఒక అధ్యయనంలో ఫిజియో సెషన్లలో దగ్గర కూర్చుని లెక్కపెట్టారు. పనికొచ్చేలా చెయ్యి కదిలించింది సెషన్‌కి సగటున 32 సార్లు. మెదడులో మార్పు కోసం జంతువుల ప్రయోగాల్లో వందలసార్లు చేయిస్తారు. 32 ఎక్కడ, 300 ఎక్కడ? వీఆర్‌లో ఆటలో పడి విసుగు లేకుండా చేస్తారు, ఆ లెక్క పెరుగుతుంది.

యాంకర్: హెడ్‌సెట్ పెట్టుకుంటే చెయ్యి వచ్చేస్తుందని కొందరు చెబుతున్నారు డాక్టర్ గారూ...

న్యూరాలజిస్ట్: నమ్మకండి. కెనడా వైద్యుల ఆధ్వర్యంలో 141 మందితో చేసిన ట్రయల్ ఫలితాలు 2016లో వచ్చాయి. కొందరితో టీవీ ముందు నింటెండో వీ అనే, చేతిలో రిమోట్ ఊపుతూ ఆడే వీడియో గేమ్ ఆడించారు, మిగతావాళ్లతో పేకాట లాంటి మామూలు ఆటలు. చివరికి రెండు జట్లకూ తేడా లేదు. 2017లో కాక్రేన్ సమీక్ష, అంటే ఒకే విషయంపై జరిగిన ట్రయల్స్‌ని కలిపి తేల్చేది, వీఆర్, వీడియో గేమ్‌లపై 72 ట్రయల్స్ చూసింది. ఫిజియోకి బదులుగా వాడితే చేతికి అదనంగా ఒరిగింది లేదు. ఫిజియోకి తోడుగా వాడి మొత్తం సమయం పెంచినప్పుడు మాత్రం మేలు కనిపించింది. ఫిజియో మాన్పించి ఆ డబ్బుతో హెడ్‌సెట్ కొనకండి, దయచేసి.

కూతురు: మొదటిరోజు ఫిజియో దగ్గర హెడ్‌సెట్ పెట్టగానే నాన్న కళ్లముందు మామిడిచెట్టు. కాయలు టకటకా కోసేస్తున్నారు, పాయింట్లు వస్తున్నాయి, మేమంతా చప్పట్లు. మేడమ్ ఆపించేశారు.

ఫిజియోథెరపిస్ట్: మోచెయ్యి చాపట్లేదు కదమ్మా. భుజం ఎగరేసి, ఒళ్లంతా ముందుకు వాల్చి అందుకుంటున్నారు. ఆ ఆటకి కాయ తెగితే చాలు, ఎలా తెగిందో అక్కర్లేదు. చున్నీతో ఛాతీని కుర్చీకి ఆనించి కట్టి, కాయలు దగ్గరికి జరిపాను. స్కోరు సగానికి పడిపోయింది. మోచెయ్యి మాత్రం తెరుచుకుంది.

యాంకర్: జాగ్రత్తలు?

న్యూరాలజిస్ట్: తల తిరగొచ్చు, వికారం రావచ్చు. కూర్చోబెట్టే చేయించాలి. ఫిట్స్ ఉంటే ముందు డాక్టర్‌ని అడగాలి. ఇంకోటి, లేపేటప్పుడు ఆ చెయ్యి పట్టి లాగొద్దు, భుజం జారుతుంది.

కూతురు: మా ఇంట్లో హెడ్‌సెట్ లేదండి. నాన్న టేబుల్ మీద స్టీలు గ్లాసు ఇటు నుంచి అటు జరుపుతుంటారు. అమ్మ చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ లెక్కపెడుతుంది. నిన్న 180 దాకా వచ్చింది.

ఫిజియోథెరపిస్ట్: 180! అమ్మగారిని మధ్యమధ్యలో ఆ భుజం వైపు కూడా చూస్తుండమనండి.