‘శాస్త్రి’ విరిగిన చోట

అందరికీ నమస్కారం.

“డబ్బులు రానప్పుడు ఆ ఓపెన్ సోర్స్ కోడ్ ఎందుకు రాస్తారు సార్?” అని ఇందాక టీ దగ్గర మీలో ఒకరు అడిగారు. నా సంగతి చెబుతాను.

లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టంలో పుస్తకాలు చదువుకోవడానికి ఒక ఓపెన్ సోర్స్ ప్రోగ్రాం, అంటే కోడ్ ఎవరైనా చూసి మార్చుకోగలిగేది, వాడేవాణ్ణి. తెలుగు పుస్తకం తెరిస్తే, వరస చివర ‘శాస్త్రి’ అనే మాట పడిందా, ‘శాస్’ పైన ఉండిపోయేది, ‘త్రి’ కిందికి జారేది. ఒత్తు రాయాలంటే కంప్యూటర్ లోపల అక్షరాల మధ్య మనకి కనబడని పొల్లు ఒకటి ఉంటుంది; అది రాగానే అక్షరం అయిపోయిందనుకునేది ఆ ప్రోగ్రాం. చదువుతున్నంతసేపూ కంట్లో నలుసే. మూడు రాత్రులు కూర్చుని పదకొండు వరసలు మార్చి పంపాను. ఆ ప్రాజెక్టు చూసుకునే ఆయన ఉండేది పోలండ్‌లో, తెలుగు ఒక్క ముక్క రాదు. “ఇలా విరగకూడని మాటలు ఇంకో పది పంపండి, టెస్టుల్లో పెడదాం” అని రాశాడు. స్త్రీ, రాష్ట్రం, లక్ష్మి, సంస్కృతి... ఏరి ఏరి పంపాను. ఆ జవాబు రాకపోయుంటే నేను రెండో ప్యాచ్, అంటే ఇంకో సవరణ, రాసేవాణ్ణి కాదు.

1991 ఆగస్టులో హెల్సింకీలో చదువుకుంటూ లైనక్స్ మొదలుపెట్టిన లైనస్ టోర్వాల్డ్స్ కూడా తను రాస్తున్నది హాబీ మాత్రమేనన్నాడు. ఇవాళ లైనక్స్‌కి గుండెకాయ లాంటి కెర్నల్‌లోకి వచ్చే కోడ్‌లో ఎక్కువ భాగం కంపెనీల జీతాల మీద రాసిందే. అందులో తప్పేమీ లేదు.

నన్ను బాధపెట్టేది వేరే. ఓపెన్ సోర్స్‌కి కోడ్ రాయమని ఏటా అక్టోబరులో జరిపే హాక్టోబర్‌ఫెస్ట్‌లో, 2020లో, నాలుగు పుల్ రిక్వెస్టులకి, అంటే ‘నా మార్పు కలుపుకోండి’ అని పంపే వినతులకి, టీ షర్టు అన్నారు. ప్రాజెక్టు పరిచయం రాసుండే రీడ్‌మీ ఫైల్లో ఒక మాట అటూ ఇటూ మార్చి వేలకొద్దీ పంపారు, మన దేశం నుంచీ వెళ్ళాయి. ప్రాజెక్టులు చూసుకునే మెయింటెయినర్లు మొత్తుకుంటే, ఒప్పుకున్న ప్రాజెక్టులకే పంపాలని ఆ నెలలోనే నియమం మార్చారు. అవతల కూర్చుని చదివేదీ మనిషే కదా!

ఆ మనిషి అలిసిపోతే ఏమవుతుందో ఎక్స్‌జెడ్ విషయంలో చూశాం. ఫైళ్ళను కుదించే ఆ లైబ్రరీని ఏళ్ళ తరబడి దాదాపు ఒక్కరే మోశారు. సాయం చేస్తానంటూ వచ్చి, నెమ్మదిగా నమ్మకం సంపాదించి, ఒకరు అందులో దొంగదారి పెట్టారు. 2024 మార్చిలో ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ డెవలపర్, వేరే కంప్యూటర్‌లోకి వెళ్ళే ఎస్ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేమిటా అని తవ్వితే బయటపడింది. అర సెకను! తవ్వమని ఆయనకి ఎవరూ చెప్పలేదు. ఊరుకోబుద్ధి కాలేదు, అంతే.

నేను పంపిన పది మాటలూ ఇప్పటికీ ఆ టెస్టుల్లో ఉన్నాయి. ఏ దేశంలో ఎవరు ఏం మార్చినా, ‘స్త్రీ’ విరగలేదని తేలాకే అది లోపలికి వెళుతుంది. ల్యాప్‌టాప్‌లు తెచ్చుకున్నారుగా, ఆ ఫైలే ముందు తెరుద్దాం రండి.