వరదలో పోయిన కాగితం

శ్రోతలకు నమస్కారం.

మా కర్నూలులో పాత ఇల్లు కొనబోతే తరచుగా వినబడే మాట ఒకటుంది. "పాత కాగితం వరదలో పోయింది సార్." నిజంగానే పోయుండొచ్చు. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ రెండూ ఊరి మీదికొచ్చినప్పుడు బీరువాల్లో కాగితాలు ముద్దలైపోయాయి. నా టెన్త్ సర్టిఫికెట్టు దండెం మీద ఆరేసుకున్నాం. దాని మీద బురద చార ఇప్పటికీ ఉంది.

అందుకే ఆ మాట వినగానే మనకు జాలేస్తుంది. జాలిపడండి, తప్పులేదు. బయానా మాత్రం అప్పుడే ఇవ్వకండి.

మా వదిన తమ్ముడి సంగతి చెబుతాను. పాతబస్తీలో ఇల్లు చూశాడు. అమ్మే ఆయన చేతిలో 2011 నాటి దస్తావేజు ఉంది. తండ్రి ఆయనకు గిఫ్టు రాసిచ్చింది. మావాడు ఈసీ తీయించాడు. ఈసీ అంటే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, ఆ ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల జాబితా. అందులో ఆ గిఫ్టు తప్ప ఇంకేమీ లేదు. అప్పు లేదు, తాకట్టు లేదు. "ఈసీ క్లీన్ బావా, టెన్షన్ లేదు" అని ఫోన్ చేశాడు.

మరి తండ్రికి ఆ ఇల్లు ఎలా వచ్చింది అని అడిగాను. ఎప్పుడో కొన్నాడట. ఆ కాగితం? ఇంకేముంది, వరదలో పోయింది.

ఇక్కడ ఒక మాట. ఆన్‌లైన్‌లో ఈసీ 1983 నుంచే వస్తుంది. అంతకుముందువి కావాలంటే రిజిస్ట్రార్ ఆఫీసులో పాత పుస్తకాలు వెతికించుకోవాలి. పైగా ఈసీలో రిజిస్టరైన లావాదేవీలే కనబడతాయి. నోటిమాటగా జరిగిన భాగపంపకాలు, రిజిస్టరు కాని వీలునామాలు దానికెక్కవు. ఈసీ క్లీన్ అంటే టైటిల్, అదే యాజమాన్య హక్కు, క్లియర్ అని కాదు.

మన ఇంట్లో కాగితం తడిసినా రిజిస్ట్రార్ ఆఫీసు పుస్తకంలో దాని నకలు ఉంటుంది. దస్తావేజు నంబరూ, సంవత్సరమూ తెలిస్తే చాలు. అవి ఎక్కడ దొరుకుతాయంటే, తరువాతి దస్తావేజులోనే. 2011 గిఫ్టు కాగితంలో "1976లో ఫలానా నంబరు దస్తావేజు ద్వారా సంక్రమించిన" అని ఒక వాక్యం ఉంది. మావాడు దాన్ని అప్పటిదాకా చదవలేదు. ఎవరు చదువుతారు చెప్పండి, ఆ భాష చూస్తేనే నిద్రొస్తుంది.

దరఖాస్తు పెట్టాడు. కొద్దిరోజులకు నకలు చేతికొచ్చింది. చేతిరాత, గొలుసుకట్టు. దస్తావేజులు రాసే రైటరు దగ్గర కూర్చుని అక్షరం అక్షరం చదివించుకున్నాడు. కొన్నవారు అన్నచోట రెండు పేర్లున్నాయి. తండ్రిది ఒకటి, ఆయన తమ్ముడిది ఒకటి.

అంటే సగం చిన్నాయనది. తండ్రి గిఫ్టుగా రాసివ్వగలిగింది తన సగమే. చిన్నాయన ఏనాడో ఆదోనిలో మిల్లు పనికి వెళ్లి అక్కడే స్థిరపడి, వీలునామా లేకుండా పోయాడు. ఆయన వాటా భార్యకూ ఇద్దరు కూతుళ్లకూ వస్తుంది. పెళ్లిళ్లయి వెళ్లిన కూతుళ్లే కదా అంటే కుదరదు, వాళ్ల సంతకాలూ కావాలి.

అమ్మే ఆయన మోసగాడేమీ కాదు. ఆ నకలు చూసి మావాడికంటే ఎక్కువ బిత్తరపోయాడు. పుట్టినప్పటి నుంచి అది తమ ఇల్లేననుకున్నాడు. టైటిల్ గొడవలన్నిటికీ మోసమే కారణమని అందరూ అనుకుంటారు గానీ, ఇలా తెలియకపోవడం వల్ల వచ్చేవే ఎక్కువని నాకనిపిస్తుంది.

ఇంకో సంగతి మరిచిపోతాను. పోయిందన్న కాగితం ఒక్కోసారి పోయుండదు, ఎవరి దగ్గరో అప్పు కింద ఉంటుంది. కాగితం చేతికిచ్చి తీసుకున్న ఆ అప్పు ఈసీలో కనబడకపోవచ్చు. అందుకే పోలీసు ఫిర్యాదు కాపీ అడగండి, మీ పేరుతో పేపర్లో ప్రకటన వేయించండి, ఏమైనా అభ్యంతరాలుంటే బయటికొస్తాయి. అవన్నీ చేసినా నకలు మాత్రం తప్పనిసరి. నకలు తీయించండి, కొన్నవారు అన్నచోట ఎన్ని పేర్లున్నాయో మీరే లెక్కపెట్టండి.

మావాడి బేరం మూడు నెలలు ఆలస్యమైంది. రిజిస్ట్రేషన్ రోజున ఆదోని నుంచి చిన్నమ్మ, ఇద్దరు కూతుళ్లు బస్సులో వచ్చారు. వాటా డబ్బు చెక్కులు అందాయి, వేలిముద్రలయ్యాయి. లేచేముందు ఆమె ఆ నకలు చేతిలోకి తీసుకుని, భర్త పేరు ఎక్కడుందో కూతురితో చూపించుకుంది. తర్వాత మావాడిని అడిగింది. "నాయనా, దీన్ని నాకొక జిరాక్సు తీయించిస్తావా?"